పోలయ్య పాత్రకు పోలయ్య పనికిరాడు

నేను డాక్యుమెంటరీలు తీస్తాను. ఎవరైనా అడిగితే మా అత్తగారు "పెళ్ళిళ్ళు లేని రోజుల్లో మా కోడలు వీడియోలు తీస్తుంది" అని చెబుతుంది. ఆవిడ చెప్పేది అబద్ధమేం కాదు. ముహూర్తాలున్నన్నాళ్ళూ తలంబ్రాలు తీస్తాను, మూఢం రాగానే కెమెరా స్కూటీ మీద పెట్టుకుని ఏ ఏటి ఒడ్డుకో, ఏ కొండపల్లెకో పోతాను. అట్టా తీసినవాటిని లోకదర్శిని అనే ప్రభుత్వ టీవీ కేంద్రం ఆదివారం పొద్దున "మన నేల, మన నీరు" అనే కార్యక్రమంలో వేస్తుంది. ఆ టైముకి లోకమంతా ఇంకో చానెల్లో సినిమా పాటలు చూస్తూ ఇడ్లీలు తింటుంటుంది. అయినా మాబోటి వాళ్ళకి అదొక్కటే వాకిలి.

పోయినేడాది నేను తీసింది దొరువుపాలెం మీద. సముద్రానికీ ఉప్పునీటి సరస్సుకీ మధ్య ఇసకతిన్నె మీదున్న పల్లె అది. సరస్సు సముద్రంలో కలిసే చోటుని అక్కడ మొగ అంటారు. పోటెక్కేటప్పుడు చేప ఆ మొగలోంచే లోపలికొస్తుంది. అందరూ ఒకేసారి అక్కడ వలలేస్తే తలకాయలు పగులుతాయని ఎప్పుడో పెద్దలు వంతులు పెట్టారు. ఒక్కో రోజు పోటు ఒక్కో ఇంటిది. ఆ రోజు మొగ మొత్తం ఆ ఇంటిదే, ఇంకొకడు అటు కన్నెత్తి చూడడు. వంతు పోయిందంటే ఆ ఇంటాయన పక్కవాడి పడవలో కూలికి పోవాల్సిందే.

నా ఫిల్ములో ముఖ్యమైన మనిషి పోలయ్య. యాభై దాటాయి. మాటలు తక్కువ. మొగ కాడ నడుం లోతు నీళ్ళలో దిగి, వల అంచు పళ్ళ మధ్య కరిచిపట్టుకుని, నీళ్ళని చూస్తూ నిలబడతాడు. అట్టా ఎంతసేపైనా నిలబడతాడు. ఉన్నట్టుండి ఒళ్ళు ఒక్క తిప్పు తిప్పుతాడు, వల పోయి పడుతుంది. అది తియ్యడానికి నేను ఎన్నిసార్లు ఆ ఊరికి పోయానో మా ఆయనకి తెలుసు, పెట్రోలు ఆయనే పోయిస్తాడు కాబట్టి.

ఫిల్ము లోకదర్శినికి ఇచ్చొచ్చాను. ఆదివారం పడుతుందనుకుంటే శుక్రవారం ఉపసంచాలకులు నిష్ఠల సదానందరావుగారు రమ్మని కబురు పెట్టారు.

సదానందరావుగారు చెడ్డమనిషి కాదు. ముందే చెబుతున్నాను, ఈ కథలో చెడ్డవాళ్ళెవరూ లేరు. అదే దీంట్లో బాధ.

"రండమ్మా హైమవతిగారూ. తమ చిత్రమును ఆసాంతం తిలకించడమైనది. హృద్యముగా ఉన్నది. అయితే ఒక్క సందేహము. ఇందులో పోలయ్య పాత్రను పోషించినది ఎవరు?"

"పోలయ్యేనండి."

"వారి గ్రేడు?"

"ఆయన చేపలు పడతాడండి."

"అది వృత్తి. నేను అడుగునది గ్రేడు."

అప్పుడు బయటపడింది సంగతి. తనిఖీకి వచ్చిన పెద్దలెవరో ఓ ప్రశ్న వేశారట. లోకదర్శినిలో పాట పాడేవాడికి స్వర పరీక్ష ఉంది, నాటకం ఆడేవాడికి ఉంది, తెరవెనక కుక్కలాగా మొరిగే ఆయనకి కూడా బీ గ్రేడు ఉంది. మరి డాక్యుమెంటరీల్లో కనపడే రైతులకీ, కుమ్మరులకీ, గొర్రెలకాపర్లకీ ఏ గ్రేడూ లేదేం? ఇన్నేళ్ళుగా వీళ్ళని ఏ అర్హత మీద తెర ఎక్కించారు? కేంద్రంలో ఎవరికీ జవాబు తెలియలేదు. తెలియని ప్రశ్నకి సర్కారు ఇచ్చే జవాబు ఒకటే, సర్క్యులరు.

సదానందరావుగారు కళ్ళజోడు సవరించుకుని చదివారు. "స్వపాత్రధారి అనగా తన పాత్రను తానే పోషించు వ్యక్తి. ఇకపై సదరు వ్యక్తి తన పాత్రకు తాను అర్హుడనని స్వపాత్ర స్వర పరీక్షా సంఘము ఎదుట నిరూపించుకొనవలెను."

"మనిషి తన పాత్రకి తను పనికిరాకుండా పోవడమనేది ఉంటుందాండీ?"

"పరీక్షింపక ఎట్లు చెప్పగలమమ్మా? ఇన్ని సంవత్సరములుగా ఎందరు అనర్హులు తమ తమ పాత్రలలో కొనసాగినారో తలచుకొన్న నాకు ఒళ్ళు జలదరించుచున్నది."

నిజంగానే జలదరించింది. చెయ్యి చాపి చూపించారు, రోమాలు లేచి ఉన్నాయి. అప్పటికే పరీక్షలు మొదలయ్యాయట. ఒక కుమ్మరి బీ గ్రేడుతో గట్టెక్కాడు. కొండల్లో తేనె కొట్టే ఆయన మాత్రం మూడో అంతస్తుకి లిఫ్టెక్కడానికి భయపడ్డాడని "ఎత్తులకు అనర్హుడు" అని రాసి పంపేశారు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా? నేను నోరు మూసుకుని దొరువుపాలెం పోయి పోలయ్యకి చెప్పాను.

"నేను పోలయ్యనే గదమ్మా," అన్నాడు.

"అదే అన్నా, ఆ మాటే వాళ్ళ ముందర వచ్చి చెప్పాలంట."

"ఎట్టా చెప్పేది?"

పరీక్ష తారీఖు చెప్పి వచ్చేశాను.

పరీక్ష రోజున పోలయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, వల గోతంలో చుట్టుకుని వచ్చాడు. వెంట ఆయన భార్య కాటమ్మ, ఊరి పెద్దకాపు గోవిందు. పెద్దకాపు అంటే ఊరి పంచాయతీకి పెద్ద. ఊళ్ళో మనిషి బయట ఎక్కడ నలుగురి ముందు నిలబడాల్సి వచ్చినా ఆయన వెంట పోవడం వాళ్ళ కట్టుబాటు. ఆయన్నీ కాటమ్మనీ బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. దర్శకురాలిని కాబట్టి నన్ను లోపలికి రానిచ్చారు, నోరెత్తకూడదన్న షరతు మీద.

సంఘంలో అయిదుగురు. నాటకశాస్త్రం చెప్పి రిటైరైన ప్రొఫెసరుగారు, వీణ విదుషీమణి ఒకావిడ, వార్తలు చదివే ఆయన, మైకు ఇంజనీరు, ఇంకా వ్యవసాయ కార్యక్రమాల పెద్దాయన. చేపలు కూడా తన కిందికే వస్తాయని ఆయన నమ్మకం.

"పేరు?" అన్నారు ప్రొఫెసరుగారు.

"పోలయ్య."

"పాత్ర పేరు?"

పోలయ్య నావైపు చూశాడు. నేను నేల చూపు చూశాను.

"పోలయ్యే."

"మొదటి పర్యాయము ఉన్న విశ్వాసము రెండవ పర్యాయము లేదు," అని వార్తలాయన రాసుకున్నాడు.

తర్వాత వల వెయ్యమన్నారు. స్టూడియోలో నీలం తివాచీ పరిచారు.

"నీళ్ళు యాడుండాయి సార్?"

"ఉన్నట్లు భావించుము."

పోలయ్య భావించాడు. లుంగీ ఎగ్గట్టాడు, వల అంచు పళ్ళతో కరిచాడు, తివాచీని చూస్తూ నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు. ఫ్యాను తిరుగుతోంది. వ్యవసాయం పెద్దాయన ఆవులించాడు.

"ఏమి చేయుచున్నారు?" అని ప్రొఫెసరుగారు అడిగారు. నోట్లో వలుంటే ఎవరైనా ఏం చెబుతారు? పోలయ్య "ఊఁ" అన్నాడు. "వాచికము అస్పష్టము" అని రాశారు. "మైకులోకి ఏమీ రావట్లేదు సార్, మిషను పాడుచేశానని పైవాళ్ళు నన్ను తిడతారు" అని ఇంజనీరు గోలపెట్టాడు. వీణావిడ మర్యాదగా, "చేపల్ని పిలిచేటప్పుడు కేక ఏ శ్రుతిలో వేస్తారు నాయనా?" అని అడిగింది.

పోలయ్య వల నోట్లోంచి తీశాడు. "కేకెయ్యనమ్మా. కేకేస్తే చేప పోద్ది."

"మరి వల విసరవేమయ్యా?" అన్నాడు వార్తలాయన.

"చేప రాలేదు గదా సార్."

తలుపు సందులోంచి చూస్తున్న కాటమ్మ ఇంక ఆగలేకపోయింది. "ఏసెయ్యి మగడా, ఏసి పోదాం. పెద్దోళ్ళు ఎంతసేపని కూసుంటారు? ఇంట్లో కూడా ఇంతేనయ్యా ఈయన. పెళ్ళైన కాడ్నించి చూస్తుండా, పది మాటలు నేనంటే ఒక ఉలుకు లేదు, పలుకు లేదు. నీళ్ళకి తాళి కట్టినా ఇంతకంటే బాగా కాపరం చేసుండును." ఇంకా చాలా చెప్పింది. ఇంజనీరు ముఖం వెలిగిపోయింది, మిషను మీద సూది ఎగిరెగిరి పడుతోంది. సంఘం అయిదుగురూ ఒకరినొకరు చూసుకుని అక్కడికక్కడే కాటమ్మకి "పోలయ్య భార్య" పాత్రలో బీ హై గ్రేడు ఇచ్చేశారు. ఆవిడ దరఖాస్తు కూడా పెట్టుకోలేదు.

పోలయ్య గురించి మాత్రం ప్రొఫెసరుగారు బరువుగా ఇట్టా చెప్పారు. "అభ్యర్థి యందు పోలయ్య లక్షణములు అక్కడక్కడ గోచరించినప్పటికిని, నిలకడ లేదు. మత్స్యకారుడు పోలయ్య పాత్రకు అనర్హుడు. ఆరు మాసముల పిమ్మట మరల ప్రయత్నింపవచ్చును."

అంతటితో పోతే గోల లేదు. తిట్టుకుంటూ ఇంటికి పోయేవాళ్ళం. కానీ బయట బెంచీ మీద పెద్దకాపు గోవిందు ఉన్నాడు. తీర్పు విని ఆయన అటెండరుని పిలిచాడు.

"లోపల ఎంతమంది కూసున్యారు?"

"అయిదుగురు."

"చెప్పే ముందర గొంతు తడుపుకున్యారా?"

"టీ తాగారు."

"అందరూ ఒకే దాన్లోదా?"

"ఒకే ఫ్లాస్కు. ఇక్కడ ఉండేది అదొక్కటే," అన్నాడు అటెండరు.

గోవిందు తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నాకప్పుడు అర్థం కాలేదు. దొరువుపాలెంలో అయిదుగురు పెద్దలు కూర్చుని, ఒకే చెంబులో నీళ్ళు తలా ఒక గుక్క తాగి చెప్పిన మాటకి తిరుగులేదు. దాన్ని దురాయి అంటారు. ఆ అయిదుగురు ఎవరన్నదీ, ఏ ఊరివాళ్ళన్నదీ వాళ్ళకి అనవసరం. గుక్క పడిందా లేదా, అంతే.

ఆ వారం ఊళ్ళో టముకు వేశారు. పోలయ్య జాలరి కాదని అయిదుగురు చెప్పారు కాబట్టి మొగ కాడ పోలయ్యకి వంతు లేదు. మళ్ళీ ఆ అయిదుగురే మాట మార్చేదాకా ఆయన అక్కడ వల తడపకూడదు.

నేను పరిగెత్తుకుపోయాను. "గోవిందు మామా, అది టీవీ సంగతి. అదంతా ఉత్తుత్తిది. వాళ్ళకి మొగ అంటే ఏందో కూడా తెలియదు."

"తెలవకపోతే అయిదుగురు ఎందుకు కూసుంటారమ్మా?" అన్నాడు ఆయన. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. "సర్కారోళ్ళ మాట మేం కాదంటే, రేపు మా మాట మా పిల్లోళ్ళు కాదంటారు. వాడు నా అక్క కొడుకే. నాకు మాత్రం బాధ లేదా?"

పోలయ్య వాకిట్లో కూర్చుని వల చిక్కులు తీస్తున్నాడు. "ఆరు నెలలే గదమ్మా," అన్నాడు. కాటమ్మ మాత్రం నన్ను దులిపేసింది. "నువ్వొచ్చి కెమెరా పెట్టకముందు మా ఆయన బాగనే ఉండె. ఇప్పుడు నేనేమో సర్కారు లెక్కలో పోలయ్య పెళ్ళాన్ని, ఆయనేమో పోలయ్య కాదు. నేనెవుర్తో కాపరం చేస్తుండా చెప్పు?" తప్పంతా నా నెత్తిన వేసింది, వేసినా నేను కాదనే స్థితిలో లేను.

సదానందరావుగారి దగ్గరికి పోయి ఫిల్ము వెనక్కి ఇచ్చెయ్యమన్నాను. "తప్పక తీసుకొనవచ్చును. అయితే చిత్రము ఉపసంహరించుకొన్నచో, అందలి స్వపాత్రధారుల దరఖాస్తులు రద్దగును. పునఃపరీక్ష ఉండదు," అన్నారు. పునఃపరీక్ష లేకపోతే పోలయ్య వంతు ఈ జన్మకి రాదు. పళ్ళు కొరుక్కుని, ఉంచండి అన్నాను.

"సంతోషము. ఈలోగా చిత్రమును ప్రమాణములకు అనుగుణముగా సరిదిద్దుదము. పోలయ్య పాత్రకు అర్హుడొకరు లభించినారు."

అర్హుడి పేరు ముదిగొండ చంద్రమౌళి. పౌరాణిక నాటకాల్లో ఏ గ్రేడు నటుడు. కృష్ణుడు, నారదుడు, ఒకోసారి ఇద్దరూ. తెల్లటి మనిషి, భుజాలదాకా జుట్టు, జీవితంలో చేప వాసన ఎరగడు. పోలయ్య పాత్రకి జరిగిన పరీక్షలో ఆయన తెడ్డు భుజాన వేసుకుని గంగమ్మ తల్లిని ఉద్దేశించి గుక్క తిప్పుకోకుండా మాట్లాడి, చివర్లో వల విసిరిన "భావం" చూపించాడట. ఉత్త చేతుల్తోనే. వీణావిడ కళ్ళు తుడుచుకుంది, సంఘం ఏ గ్రేడు ఇచ్చింది.

ఆ తర్వాత నా ఫిల్ములో మిగిలినవాళ్ళ మీద పడ్డారు. సరస్సులో వాలే ఫ్లెమింగోల మీద "ఒంటికాలిపై నిలిచి నిద్రించుచున్నవి, ఉత్సాహము లోపించినది" అని రాశారు. వాటి బదులు ఎప్పుడో పాసైన ఫ్లెమింగోలు కేంద్రం బీరువాలో ఉన్నాయట. ఏ దేశం పక్షులో డబ్బా మీద చెరిగిపోయింది. సరస్సుని పరీక్షించడానికి జీపేసుకుని పోయిన ఇంజనీరు, పాటుకి నీళ్ళు తీసిన వేళ పోయి, "లోతు లేదు" అని అనర్హత వేశాడు. దాని బదులు పట్నంలో పార్కు చెరువు ఖాయమైంది. హంస ఆకారంలో ఉన్న తొక్కుడు పడవలు కనపడకుండా పై సగమే తియ్యమన్నారు.

"సార్, ఇంక దొరువుపాలెం ఎక్కడుందండీ దీంట్లో?"

"శీర్షికలో ఉన్నదమ్మా," అన్నారు సదానందరావుగారు.

ఒక్క కాటమ్మ మాత్రం బీ హై కాబట్టి ఆవిడని మార్చడానికి లేదు. ఆవిడ పట్నం రానంది. చివరికి ఆవిడ భాగం కోసం చంద్రమౌళినే వెంటబెట్టుకుని దొరువుపాలెం పోయాను. పోయేసరికి, ఆ పరీక్ష సంగతి అటెండరు నోట విన్న పెద్దకాపు గోవిందు పూలదండతో ఎదురొచ్చాడు.

"రాండి పోలయ్యగారూ. రేపు మీ వంతు."

చంద్రమౌళి నాటకాల మనిషి కాబట్టి ముందు నవ్వాడు. గోవిందు నవ్వలేదు. అయిదుగురు పోలయ్య అన్న మనిషికే పోలయ్య వంతు. వంతు ఖాళీ పోతే గంగమ్మకి కోపమొస్తుంది.

మర్నాడు పోటు వేళకి ఊరంతా తిన్నె మీద చేరింది. చంద్రమౌళిని నడుం లోతులో దించారు. మొదటి అలకే ఆయన మొలతాడు పట్టుకున్నాడు. రెండో అలకి గొంతు సవరించుకున్నాడు. పాపం, ఆయనకి తెలిసింది ఆయన చేశాడు. గంగమ్మని పేరుపేరునా పిలిచి, తన కష్టం చెప్పుకుని, ఎడమచెయ్యి నడుం మీద పెట్టి కుడిచెయ్యి చాపాడు. జనం మైమరిచి విన్నారు. మడవ చేపలు మందలు మందలుగా ఆయన కాళ్ళ సందున పోయాయి. మూడో అలకి ఆయన వాంతి చేసుకున్నాడు.

పోలయ్య ఇసకలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతులు మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. చేప ఎగిరినప్పుడల్లా ఆ చేతులు కదిలాయి. నేనది చూశాను, ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం చంద్రమౌళి పోలయ్య ఇంట్లోనే మజ్జిగన్నం తిన్నాడు. తినేసి, ఎంగిలి చేత్తోనే పోలయ్య వైపు తిరిగాడు. "అన్నా, నీ నోటికాడ కూడు నేను పడగొట్టాను. నాకు సిగ్గుగా ఉంది. నాకు చేప పట్టడం రాదు కానీ, పరీక్ష పాసవ్వడం వచ్చు. నీకు నేర్పిస్తా," అన్నాడు.

"ఏం నేర్పిస్తావు సామీ?"

"పోలయ్యగా ఎట్టా చెయ్యాలో."

పోలయ్య కాటమ్మ వైపు చూశాడు. "నేర్చుకో," అంది కాటమ్మ. "వంతు రావాల గదా."

అప్పట్నించి చంద్రమౌళి వారం వారం బస్సెక్కి వచ్చాడు. పైసా తీసుకోలేదు. ఒడ్డున ఇసకలో పాఠం జరిగేది. "నీళ్ళకేసి చూడకు అన్నా, ముఖం కనపడదు. చేప మార్కులు వెయ్యదు, మార్కులు వేసేవాళ్ళు ఎదురుగ్గా కూర్చుంటారు, అటు చూడు. వల నోట్లో పెట్టుకోకు, మాట రాదు. ముందు మాట, తర్వాత వల. రొమ్ము విరువు." పోలయ్య బుద్ధిగా నేర్చుకున్నాడు. జన్మలో అన్ని మాటలు మాట్లాడని మనిషి, పక్కవాడి పడవలో కూలికి పోతూ కూడా గంగమ్మ తల్లి ముక్క వల్లె వేసుకునేవాడు. రేపెవరిని పట్నం పిలుస్తారోనని ఊళ్ళో మిగతా మగవాళ్ళు కూడా పక్కన నిలబడి నేర్చుకున్నారు.

ఈ మధ్యలో సరిదిద్దిన ఫిల్ము టీవీలో పడింది. గోవిందు ఇంటి వసారాలో ఊరంతా కూర్చుని చూసింది. పార్కు చెరువు మీద ఏ దేశానివో పక్షులు ఎగిరాయి, చంద్రమౌళి తెడ్డు తిప్పాడు. "ఎవురిదోగాని మంచి ఊరు," అన్నాడు గోవిందు. దానికి ఆ ఏడు సహజత్వానికి ఇచ్చే బహుమతి వచ్చింది. ఫలకం ఇంకా నా దగ్గరే ఉంది, మా అత్తగారు దాని మీద ఫోను ఆనించి సీరియల్ చూస్తుంది.

ఆరు నెలలయ్యాక పునఃపరీక్ష జరిగింది. అదే గది, అదే తివాచీ, అదే అయిదుగురు. పోలయ్య లోపలికొస్తూనే అయిదుగురికీ సరిపోయేంత నమస్కారం పెట్టాడు. "పాత్ర పేరు?" అంటే "పోలయ్య" అని గది మారుమోగేట్టు చెప్పాడు. రొమ్ము విరిచాడు. గంగమ్మని పిలిచాడు. గొంతు ఎక్కడ వణకాలో అక్కడ వణికింది. వల గాల్లో గుండ్రంగా విచ్చుకుని తివాచీ మీద ముగ్గులాగా పడింది.

ప్రొఫెసరుగారు లేచి నిలబడ్డారు. "ఆరు మాసముల క్రితము వచ్చిన వ్యక్తికీ, ఈ వ్యక్తికీ పోలికయే లేదు. ఈనాడు పోలయ్య పాత్రలో పోలయ్య జీవించినాడు. ఏ గ్రేడు."

గోవిందు తలుపు సందులోంచి ఫ్లాస్కు మీదే కన్నేసి ఉన్నాడు. అయిదుగురూ తాగారని ఖాయం చేసుకున్నాక, పోలయ్య భుజం మీద చెయ్యేశాడు. నేను సదానందరావుగారికి థాంక్స్ చెప్పాను. మనస్ఫూర్తిగానే చెప్పాను. వంతు వచ్చిందనే సంతోషంలో నాకింకేం కనపడలేదు.

పోలయ్య వంతు రోజున కెమెరా తీసుకుని పోయాను. లోకదర్శిని కోసం కాదు. నా ఫిల్ములోంచి తీసేసిన పోలయ్యని మళ్ళీ ఒక్కసారి తీసుకుందామని, నాకోసమే.

పోటు బాగా ఎక్కుతోంది. మొగ మొత్తం మడవలు ఎగురుతున్నాయి. ఇన్ని చేపల్ని ఆ ఏడు చూడలేదంది కాటమ్మ. వంతు ఆ ఒక్క పోటుకే. నీళ్ళు తిరగబడితే అయిపోయినట్టు. నేను ఇసకలో కెమెరా నిలబెట్టాను. పోలయ్య నీళ్ళలోకి దిగి, నన్ను చూసి, చేపలకి వీపు పెట్టి ఒడ్డు వైపు తిరిగాడు. రొమ్ము విరిచి "గంగమ్మ తల్లీ" అని మొదలుపెట్టాడు.

వల అందంగా లేచింది. నాకూ ఆయనకీ మధ్య మోకాలి లోతు నీళ్ళలో పడింది. ఉత్తదే వచ్చింది.

"ఆ పక్క, మగడా," అని కాటమ్మ అరిచింది. "చేప నీ ఈపు కాడుండాది."

"ఆ పక్క తిరిగితే మొకం కనపడదే," అన్నాడు పోలయ్య. ఎగతాళిగా అనలేదు. ఎండలో కళ్ళు చికిలించుకుని, నేను ఏమంటానో అన్నట్టు చూస్తున్నాడు.

రెండోసారీ అంతే. మూడోసారి మాట తడబడితే, మళ్ళీ మొదట్నించీ చెప్పుకున్నాడు. నేను కెమెరా ఆపేశాను. "ఆపేశాను పోలయ్యన్నా, నువ్వు చేప పట్టుకో," అన్నాను. కెమెరా మీద తుండుగుడ్డ కప్పాను. ఆయన మాత్రం ఇటే చూస్తున్నాడు.

"చూస్తుండావు గదమ్మా," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఏడాదిన్నర ఆ మనిషిని కళ్ళప్పగించి చూసింది నేనే. ఆ సంఘం చూసింది రెండుసార్లే. కెమెరా చంకన పెట్టుకుని ఇసకదిబ్బ దాటి అవతలికి పోయాను. మొగ కనపడని చోట, సరుగుడు చెట్టుకింద, సముద్రం వైపు వీపు పెట్టి కూర్చున్నాను. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఆయనకి తెలిసిపోతుందేమోనని భయం వేసింది.

ఎంతసేపటికీ మాట వినపడలేదు. కాటమ్మ కూడా ఊరుకుంది. గాలికి సరుగుడాకు రాలుతోంది. అప్పుడు వల నీళ్ళ మీద పడిన చప్పుడైంది. కాసేపాగి మళ్ళీ అయింది.

నీళ్ళు తిరగబడ్డాక కాటమ్మ దిబ్బెక్కి వచ్చింది. చంకలో గంప, గంప మీద తడిగుడ్డ. గుడ్డ కింద ఇంకా కొట్టుకుంటున్నాయి.

"పడిందమ్మా," అంది.

నేను కళ్ళు తుడుచుకుని లేచాను. "ఇప్పుడు వచ్చి తీసుకోమంటావా అక్కా?"

కాటమ్మ దిబ్బ కిందికి ఓసారి చూసింది. పోలయ్య అక్కడ వల ఆరేసుకుంటున్నాడు.

"వద్దులే," అంది. "తిని పో."